వంకర గాటు

చెవులు కోసేసిన జంతువు ఎవరిది?

ఆ వేసవి పొడుగునా నన్ను నేను అడుక్కున్న ప్రశ్న ఇదొక్కటే. గుర్తు పోయినంత మాత్రాన యజమాని పోడని మొదట్లో తేలికగానే జవాబు చెప్పుకున్నాను. తరువాత తరువాత ఆ జవాబుతో నాకే తృప్తి లేకపోయింది. గుర్తు చదవగలిగినవాడు నోరు మెదపకుండా కూర్చుంటే చెవి ఉన్నా లేకపోయినా ఒకటే కదా అనిపించసాగింది.

మా లోయలో రెయిండీరుకు చెవే చిరునామా. పుట్టిన వేసవిలోనే దూడ చెవుల అంచున కత్తితో గాట్లు పెడతాం. ఉత్తరాది చలికొండల్లో తరతరాలుగా రెయిండీర్లు మేపుకునే సామీ తెగ మాది. సామీ ఇంట పుట్టిన ప్రతి బిడ్డకూ పేరుతో పాటు ఒక గుర్తు కూడా ఇస్తారు. అమ్మ గుర్తుకూ నా గుర్తుకూ తేడా ఎడమ చెవి వెనకంచున ఒక్క గాటు. నేను మందను వదిలి గ్రాన్‌హెద్ ఊరి బడిలో పిల్లలకు వడ్రంగం నేర్పే పనిలో కుదిరాను. అయినా నా గుర్తు చెరిగిపోలేదు. చెల్లెలు రిస్టెన్ తన మందలోనే నా పేర కొన్ని జీవాలను కాపాడుతూ వచ్చింది. ఎన్నని చెప్పను. మాలో అది అడిగే మాటా కాదు, చెప్పే మాటా కాదు.

శీతాకాలం చివర రాజధానిలోని కోర్టు ఒక తీర్పు ఇచ్చింది. మా కొండల్లో వేటకూ చేపలకూ అనుమతి ఇచ్చే హక్కు ప్రభుత్వానిది కాదనీ, రెయిండీర్ల సంఘానిదనీ దాని సారాంశం. సంఘమంటే మంద ఉన్న సామీలు. సొంతంగా మంద మేపుకోని నాలాంటివాడికి అందులో చోటు లేదు. ఊళ్లో ఈ తేడా ఎవరికీ అక్కర్లేకపోయింది. తీర్పు వచ్చిన మర్నాటి నుంచి పెట్రోలు బంకులో, కిరాణా కొట్టులో, బడి ఉపాధ్యాయుల గదిలో ‘మీవాళ్లు’ అన్న మాట వినపడడం మొదలైంది. ఆ మాటలో నేను ఉన్నానో లేనో, అన్నవాళ్ల చూపును బట్టి తెలుసుకోవలసి వచ్చేది.

మే నెలలో, సరస్సు మీద మంచు నల్లబడుతున్న రోజుల్లో, ఊరి హాలులో పురసభ ఎన్నికల మొదటి సభ పెట్టారు. రిస్టెన్ పోటీలో ఉంది. నేనూ నా భార్య గున్‌వోరూ చివరి వరసలో కూర్చున్నాం. గున్‌వోర్ స్వీడిష్ ఇంటి పిల్ల. ఆమె అన్న తోరే మా వేట జట్టుకు నాయకుడు. ఆ సాయంత్రం మైకు ముందుకు మొదట వెళ్లినవాడు అతనే.

“మా తాత ఈ సరస్సు ఒడ్డున రాళ్లు ఏరి పొలం చేశాడు,” అన్నాడు తోరే. “మా నాన్న నాకు ఇక్కడే వల వెయ్యడం నేర్పాడు. ఇప్పుడు నా మనవడికి గాలం పట్టుకోవడం నేర్పాలంటే నేను పోయి రిస్టెన్ గుమ్మం ముందు నిలబడాలంట. ఇదేం న్యాయమో మీరే చెప్పండి.”

చప్పట్లు మోగాయి. అతని గొంతులో అబద్ధం లేదు. మామగారి చేతుల్లో ఆ వల చూసినవాణ్ణి నేను. నిజమైన బాధ కూడా తప్పు మనిషి వైపు వేలు చూపించగలదని మాత్రం అప్పుడు నాకు తట్టలేదు.

రిస్టెన్ లేచింది. “ఎవరి గుమ్మం ముందూ నిలబడక్కర్లేదు తోరే గారూ. మీ తాత పట్టాడు, మీరూ పట్టండి. ఇన్నాళ్లూ రాజధానిలో కూర్చుని ఎవరో పై ఊరి వేటగాళ్లకి మన కొండలు చూపించి అనుమతులు అమ్మేవాడు. అప్పుడు మిమ్మల్నీ అడగలేదు, మమ్మల్నీ అడగలేదు. మీకు కోపం రాలేదు. ఇప్పుడు అడిగే చోటు పక్కింటికి వచ్చేసరికి వచ్చింది.”

“మీ సామీలకి వేరే పార్లమెంటు కట్టిచ్చారుగా,” వెనక నుంచి స్టిగ్ అరిచాడు. తోరే జట్టులో హాస్యగాడు, పెదవి కింద పొగాకు లేకుండా ఎవరూ చూడని మనిషి. “మళ్లీ మా పురసభ కూడా కావాలా? రెండు కంచాల్లో తింటారా మీ లాపోళ్లు?”

‘లాపోళ్లు’ అన్న మాట సామీలను తిట్టడానికే పుట్టింది. హాలులో కొందరు తల దించుకున్నారు. ఎక్కువమంది నవ్వారు.

“ఆ పార్లమెంటు మా ఇంటి రోడ్డు మీద మంచు తియ్యదు స్టిగ్. పన్ను మాత్రం ఇక్కడే కడుతున్నా,” అంది రిస్టెన్.

తోరే చెయ్యెత్తి అందరినీ ఊరుకోమన్నాడు. “సరేనమ్మా. దాపరికం వద్దు, ఒక్కటి చెప్పు. నీకెన్ని రెయిండీర్లున్నాయి?”

“మీ బ్యాంకులో ఎంతుందో ముందు మీరు మైకులో చెప్పండి. తర్వాత నేను చెప్తా.”

ఒకరిద్దరు నవ్వారు గానీ ఆ నవ్వులో స్నేహం లేదు. దాస్తోందంటే ఏదో ఉందన్నమాటేనని మా ముందు వరసలో ఒకావిడ పక్కామె చెవిలో చెప్పింది. సభ అయ్యాక తోరే మా దగ్గరికి వచ్చి నా భుజం తట్టాడు.

“నిన్ననలేదు బావా, మనసులో పెట్టుకోకు. నువ్వు మావాడివి.”

ఆ మాటకు తల ఊపి బయటికి వచ్చాను. ఇంటికి వెళ్లేదాకా గున్‌వోర్ కారు అద్దంలోంచి అడవినే చూస్తూ కూర్చుంది.

జూన్‌లో రోడ్డు పక్కన రెయిండీర్ల కళేబరాలు కనబడడం మొదలైంది. కారు గుద్దితే పడే తీరు వేరు, తూటా దెబ్బకు పడే తీరు వేరు. పైగా వీటికి చెవులు లేవు. చట్టం దగ్గర యజమాని ఎవరో తేలకుండా చెయ్యడానికి కత్తికి పట్టే సమయం చాలా తక్కువ. రిస్టెన్ ప్రతిసారీ పోలీసులకు ఫోను చేసింది. ఒక యువకుడైన అధికారి వచ్చి మర్యాదగా ఫొటోలు తీసుకుని, “ఇవి ఎవరివో తేలదండీ. ఎవరివో తేలకపోతే ఎవరికి అన్యాయం జరిగిందని రాయను?” అని వెళ్లిపోయేవాడు. పరిహారం కోసం వాళ్లే చంపుకుంటున్నారని ఊరు తేల్చేసింది. బడి వంటగదిలో ఆ మాట అన్న మనిషి మరుక్షణం నాకు బన్ను వడ్డించింది.

జూలైలో దూడలకు గుర్తు వేసే రోజున దొడ్డికి వెళ్లాను. దోమలూ దుమ్మూ, తల్లుల కోసం అరుస్తున్న దూడలూ. రిస్టెన్ ఉచ్చుతాడు విసిరి దూడను పడేసి మోకాలి కింద అదిమిపెట్టింది. గాటు పెట్టి, కోసిన చెవి తునకను జేబులో వేసుకుంది. సాయంత్రం ఆ తునకలే లెక్క చెబుతాయి.

“అదుగో నీ వంకరది,” అని గడ్డంతో చూపించింది.

పోయినేడు నా చేత్తో గుర్తు వేసిన ఆడదూడ. లేత బూడిదరంగుది, ఏడాదికే ఒళ్లు చేసింది. అప్పుడు చెయ్యి అలవాటు తప్పి, కత్తి జారి, ఎడమ చెవి వెనకంచు గాటు పక్కకు తిరిగిపోయింది. మామూలుగా అలాంటి గాటు పడితే మావాళ్లు తరతరాలు చెప్పుకుని నవ్వుతారు.

“బడిలో పిల్లలకి రంపం పట్టడం కూడా ఇలాగే నేర్పుతావా?” అంది రిస్టెన్. “కళ్లు కనపడనివాడు తడిమి చూసినా నీదని చెప్పేస్తాడు.”

నవ్వాను. ఆ దొడ్డిలో నవ్వినంత హాయిగా ఆ ఏడాది మరెక్కడా నవ్వలేదు.

పని అయ్యాక నిప్పు దగ్గర కూర్చున్నాం. ఆమె మావాళ్ల అలవాటు ప్రకారం ఎండుమాంసం ముక్కలు కోసి నా కాఫీలో వేసింది.

“అన్నయ్యా, ఈ ఏడు తోరే జట్టుతో వేటకి వెళ్లకు.”

“మా ఇంట్లో ఏడాదంతా తినేది ఆ దుప్పి మాంసమే.”

“మాంసం నేనిస్తా.”

“మాంసం గురించి కాదు. ఆయన గున్‌వోర్ అన్న.”

“నువ్వు నా అన్నవి. నువ్వు వాళ్ల నిప్పు దగ్గర కూర్చున్నప్పుడల్లా, చూడండి, ఆమె సొంత అన్నే మాతో ఉన్నాడని ఊళ్లో నన్ను చూపించి చెప్తున్నారు. నాకు ఓటు కూడా వద్దు నీది. ఆ నిప్పు దగ్గర్నుంచి లేచి రా, చాలు.”

ఆలోచిస్తానన్నాను. ఆలోచిస్తాననడం కాదనడానికి మర్యాదైన రూపమని ఆమెకు తెలుసు. రెండోసారి అడగలేదు.

ఆగస్టులో ఊరంతా అభ్యర్థుల బొమ్మలు వెలిశాయి. గ్రంథాలయం ఎదుట రిస్టెన్ బొమ్మలోని రెండు చెవులనూ ఎవరో కోసేశారు. ముఖం మీద గీతలు లేవు, బూతు రాతలు లేవు. పదునైన కత్తితో, తాపీగా, గుండ్రంగా కోశారు. నేను వెళ్లేసరికి ఆమె దాని ముందు నిలబడి ఉంది.

“ఇప్పుడు నేనూ ఎవరిదాన్నో తేలదు అన్నయ్యా,” అంది.

నవ్వించడానికే అన్న మాట. బొమ్మ మీది కోత అంచును వేలితో తడిమింది. అప్పుడు చెప్పింది: “పేరు తీసేద్దామంటే ఓటు కాగితాలు అచ్చయిపోయాయి. చివరి సభకి మాత్రం వెళ్లను. గెలిచినా ఆ కుర్చీలో కూర్చోను. మందని చూసుకుంటా. వాళ్లకి కావలసింది అదేగా, కానీ.”

కారులో ఆమెను ఇంటి దగ్గర దింపాను. దారిలో చెప్పవలసిన మాట ఒకటి ఉందని తెలుస్తూనే ఉంది. అది నా నోటికి రాలేదు.

ఆ వారంలోనే తోరే పెరట్లో తుపాకులు సరిచూసుకోవడానికి జట్టు కూడింది. ప్రతి ఏడూ జరిగేదే. గురి పలకను నేనే చేసి తీసుకెళ్లాను. తోరే భార్య జున్ను ముక్కలు వేసిన కాఫీ ఇచ్చింది. స్టిగ్ ఏదో కథ చెబుతున్నాడు. తోరే వేటకుక్క తుస్సె కొట్టం వెనక నుంచి ఏదో నోట కరుచుకుని వచ్చింది. ఆ కుక్కకు నేనంటే మక్కువ. తెచ్చినదాన్ని నా బూటు పక్కన పెట్టి తోక ఊపింది.

ఎడమ చెవి. వెనకంచున గాటు, పక్కకు తిరిగిన గాటు. దాని చుట్టూ లేత బూడిదరంగు వెంట్రుకలు.

స్టిగ్ కథ ఆపాడు. “చూడండ్రా, కుక్కకి ఎక్కడో నక్క దొరికినట్టుంది.”

తోరే నవ్వలేదు. చెవి వంక చూశాడు, నా వంక చూశాడు. “అడవిలోంచి ఏవేవో తెస్తుంది అది. ఆ చెత్త అవతల పారెయ్ బావా.”

“పారేస్తాలే,” అన్నాను.

వంగి దాన్ని తీసుకుని కోటు జేబులో పెట్టుకున్నాను. తరువాత కాఫీ తాగాను. నా వంతు వచ్చినప్పుడు తుపాకీ తీసుకుని గురి పలక మీద కాల్చాను. తూటా నడిమధ్యలో తగిలింది. “అబ్బో, బావ ఈ ఏడు మంచి ఊపు మీదున్నాడు,” అని ఎవరో మెచ్చుకున్నారు.

ఇంటికి వచ్చి చెవిని రొట్టెల సంచిలో చుట్టి ఫ్రీజర్ అడుగున పెట్టాను. మర్నాడే గున్‌వోర్‌కు దొరికింది. దాన్ని వంటింటి బల్ల మీద పెట్టి నా కోసం కూర్చుంది.

“ఎవరిది?”

“నాది.”

“ఎక్కడిది?”

“మీ అన్నయ్య కొట్టం వెనక.”

సంచి అంచును వేళ్లతో సాఫు చేసింది. “మా అన్నయ్య అలాంటివాడు కాదు.”

“నేనూ అలాగే అనుకుంటూ వచ్చాను.”

“పోలీసుల దగ్గరికి తీసుకెళ్తావా?”

“తెలీదు.”

“తీసుకెళ్తే నాకు పుట్టిల్లు ఉండదు,” అంది. ఆ గొంతులో బెదిరింపు లేదు. లేని సామాను లేదని చెప్పినట్టు చెప్పింది. “తీసుకెళ్లకపోతే ఏం ఉంటుందో కూడా నాకు తెలీడం లేదు. నువ్వేం చేస్తావో ముందుగా నాకు చెప్పకు. నేను వద్దంటానేమోనని భయంగా ఉంది.”

సంచిని తిరిగి ఫ్రీజర్‌లో తనే పెట్టింది.

వేట మొదలయ్యే ముందు ఆదివారం తోరే మా ఇంటికి వచ్చాడు. ఎప్పుడూ తలుపు తట్టకుండా లోపలికి వచ్చే మనిషి ఆ రోజు తట్టాడు. గున్‌వోర్ కాఫీ పెట్టి పెరట్లోకి వెళ్లిపోయింది. తోరే టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. అతని చేతులు మామగారి చేతులే.

“అది పారెయ్యలేదు కదూ,” అన్నాడు.

“లేదు.”

“నేను కాల్చలేదు బావా. ఎవరు కాల్చారో అడక్కు. ఉన్నాను అక్కడ, అంతే. అందరం తాగి ఉన్నాం, కోపంలో ఉన్నాం. ఆ తీర్పు వచ్చినప్పట్నుంచి నాకు నిద్ర సరిగ్గా లేదు. మనవడు ‘తాతా, గాలం వేద్దాం’ అంటాడు. నా సరస్సు నాది కాదని వాడికి ఎలా చెప్పను?”

“వాడికి వద్దని ఎవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు. చెప్పగలరు. అదే కదా బాధ.”

ఆ మాటతో నాకు పేచీ లేదు. ఎవరో ఒకరు చెప్పగలరన్న భయం మధ్యనే మావాళ్లు తరాలు గడిపారు. ఆ సంగతి అతనికి చెప్పి ఉంటే అర్థమయ్యేదేమో. నేను నోరు తెరిచేలోగా అతను టోపీ తిప్పుతూ ఇంకో మాట అన్నాడు.

“అది నీదని తెలిసుంటే కాల్చనిచ్చేవాణ్ణి కాదు. ఒట్టు బావా. నీదని మాకేం తెలుసు?”

“రిస్టెన్‌ది అయితే?”

తోరే కాఫీ కప్పు తీసుకున్నాడు. చల్లారిపోయిన కాఫీని ఒక్క గుక్కలో తాగి, కప్పును జాగ్రత్తగా సాసరులో పెట్టాడు.

“రేపు పొద్దున్నే, ఎప్పటి చోటే,” అన్నాడు. “నువ్వు రాకపోతే అందరికీ తెలిసిపోతుంది. రా.”

అతను వెళ్లాక ఆ కుర్చీలోనే కూర్చుండిపోయాను. నా ప్రశ్నకు జవాబు ఇంత సూటిగా, ఇంత ఆప్యాయంగా వస్తుందని అనుకోలేదు. చెవులు కోసేసిన జంతువు ఎవరిదైనా కావచ్చు, నాది మాత్రం కాకూడదు. అతను నాకు ఇవ్వజూపిన బంధుత్వం అది. నా ఒక్కడి చుట్టూ కంచె వేసి, ఆ కంచె బయట నా చెల్లెల్ని వదిలెయ్యడం. మే నెలలో నా భుజం తట్టినప్పుడు కూడా అతను ఇచ్చింది అదే. అప్పుడు నేను తల ఊపాను.

సోమవారం తెల్లవారింది. ప్రతి ఏడూ ఆ రోజున వంటింటి బల్ల మీద గున్‌వోర్ కాఫీతో నింపిన థర్మస్ సిద్ధంగా ఉంటుంది. ఆ రోజు థర్మస్ ఖాళీగా, మూత పక్కన పెట్టి ఉంది. దాని పక్కనే రొట్టెల సంచి ఉంది, ఫ్రీజర్ చలి ఇంకా వదలని సంచి. పడకగది తలుపు మూసి ఉంది. దాన్ని తట్టలేదు.

అడవి అంచున నిప్పు చుట్టూ జట్టంతా చేరింది. నారింజరంగు టోపీలు, పొగ, తడిసిన కుక్కల వాసన. తోరే తన పాత తోలు సంచి తెరిచాడు. అందులో అంకెలు చెక్కిన చెక్కముక్కలు ఉంటాయి. ఎవరి చేతికి ఏ అంకె వస్తే ఆ రోజుకు వాళ్లు దుప్పి కోసం కాపు కాసే చోటు అదే. ఆ ముక్కలను కొన్నేళ్ల క్రితం జట్టు కోసం చెక్కింది నేనే. సంచి నా దగ్గరికి వచ్చింది. అలవాటు కొద్దీ చెయ్యి పెట్టి ఒక ముక్క తీశాను. అంకె వైపు చూడకుండానే దాన్ని తిరిగి సంచిలో వేశాను.

“ఏంటి బావా, నచ్చలేదా?” అన్నాడు స్టిగ్. “కొండల అనుమతి చెల్లి దగ్గర తెచ్చుకోలేదా?”

కొందరు నవ్వారు. రొట్టెల సంచి విప్పి చెవిని అరచేతిలో పెట్టుకుని, అందరికీ కనిపించేలా నిప్పు వెలుగులోకి చాపాను.

“ఇది నా గుర్తు. ఈ గాటు నా చేత్తో పెట్టింది. తుస్సె దీన్ని ఎక్కడ్నుంచి తెచ్చిందో ఇక్కడున్న చాలామందికి తెలుసు. నేను ఇప్పుడు పోలీసుల దగ్గరికి వెళ్తున్నాను. వెనకనుంచి చెప్పానని అనుకోకూడదని ముందు మీకు చెప్తున్నాను.”

స్టిగ్ నిప్పులోకి ఉమ్మాడు. “చూశారుగా. ఎంత తిండి పెట్టినా చివరికి వాళ్లలోకే పోతారు. దొంగ లాపోడు.”

తోరే అతణ్ణి ఆపలేదు. నావైపు చూడకుండానే, “గున్‌వోర్‌కి ఏం చెప్తావ్?” అన్నాడు.

“ఆమె ఏమీ అడగదు.”

నారింజరంగు టోపీ తీసి, నేను కూర్చునే మొద్దు మీద పెట్టి, కారు దగ్గరికి నడిచాను. నా వెనక తోరే సంచి పక్కవాడికి అందిస్తున్న చప్పుడు, చెక్కముక్కలు ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు వినిపించాయి. వేట నా కోసం ఆగలేదు.

పెద్ద రోడ్డు ఎక్కాక రిస్టెన్‌కు ఫోను చేశాను.

“నిప్పు దగ్గర్నుంచి లేచి వచ్చేశాను,” అన్నాను. “నా వంకరదాని చెవి తోరే పెరట్లో దొరికింది, పోలీసుల దగ్గరికి తీసుకెళ్తున్నాను. బుధవారం చివరి సభకి వెళ్లు. ముందు వరసలో నేను కూర్చుంటాను.”

ఫోనులో గాలి హోరు వినిపించింది. ఆమె కొండ మీద ఉన్నట్టుంది.

“వదినకి తెలుసా?”

“థర్మస్‌లో కాఫీ పొయ్యలేదు.”

“అయితే నా దగ్గరికి వచ్చి తాగు,” అంది. “ముందు అక్కడికి వెళ్లి రా.”

పోలీసు స్టేషన్‌లో బల్ల వెనక ఆ యువ అధికారే ఉన్నాడు. నన్ను చూసి మర్యాదగా లేచాడు. సంచి విప్పి చెవిని అతని ముందు పెట్టాను. ప్రయాణంలో మంచు కరిగి వెంట్రుకలు తడిసి ఉన్నాయి. వంకర గాటు స్పష్టంగా కనిపిస్తోంది. అతను దాన్ని కొంతసేపు చూసి, కలం తీసుకుని, ఈసారి కూడా అదే ప్రశ్న అడిగాడు.

“ఎవరిదండీ ఇది?”

“నాది,” అన్నాను. కుర్చీ లాక్కుని కూర్చుని, తోరే పెరటి నుంచి మొదలుపెట్టాను.